ముఖం చూసి వెలుతురు సర్దే సెట్టింగ్: పెళ్లి ఫొటోల్లో ఉంచాలా, ఆపెయ్యాలా?

అనంతపురం_ఫ్రేమ్స్:
మా టీమ్‌లో తెగని గొడవ ఇది. కెమెరా ముఖాన్ని గుర్తుపట్టి, ఆ ముఖం మీది వెలుతురును బట్టి ఎక్స్‌పోజర్ (ఫొటోకు తీసుకునే వెలుతురు) మార్చుకునే సెట్టింగ్ ఉంది కదా. దాన్ని పెళ్లంతా ఆన్‌లో ఉంచాలని నేనంటాను. నాతో వచ్చే కుర్రాళ్లు ఆపెయ్యమంటారు.

నా వాదన సూటిగా చెబుతాను. మన వైపు పెళ్లి ఎలా ఉంటుంది? షామియానా కింద నీడ, పక్కనే మే నెల ఎండ. పెళ్లికొడుకుది తెల్లపంచె, వెనకాల తెల్లని డెకరేషన్ గుడ్డ. ఎదురుగా ఉన్నది మనిషా, సున్నం గోడా అన్నది కెమెరాలో వెలుతురు కొలిచే మీటరుకు పట్టదు. వచ్చే వెలుతురు సగటును సుమారు 18 శాతం గ్రే (మధ్యరకం బూడిద రంగు) దగ్గరికి తేవడమే దాని పని. ఫ్రేమ్‌లో తెలుపు ఎక్కువైతే ఎక్స్‌పోజర్ తగ్గించేస్తుంది, ముఖాలు మసకబారిపోతాయి. తాళి కట్టే క్షణం మళ్లీ రాదు. ఆ క్షణంలో కెమెరా ముఖాన్ని పట్టుకుని దాన్నిబట్టి లెక్క వేసుకుంటే నష్టమేంటి?

కర్నూలు_మాన్యువల్:
నష్టం ఉందన్నా. ముఖం దొరికినప్పుడు బాగానే ఉంటుంది, దొరకనప్పుడే చిక్కు. మా కర్నూలులో నిఖాకు వెళ్తే పెళ్లికొడుకు ముఖం మీద పూల సెహరా వేలాడుతుంటుంది. కెమెరాకు ఆ ముఖం కనిపించదు. పక్కన కూర్చున్న బంధువు ముఖం పట్టుకుని దానికి లెక్క కడుతుంది. రిసెప్షన్‌లో అయితే వెనకాల వధూవరుల నిలువెత్తు ఫ్లెక్సీ. ఫ్లెక్సీలోని ముఖం కూడా దానికి ముఖమే.

ముఖాన్ని గుర్తించే పద్ధతుల్లో బాగా పేరొచ్చింది 2001లో పాల్ వయోలా, మైకేల్ జోన్స్ చూపించినది. కళ్ల భాగం బుగ్గల కన్నా ముదురుగా ఉంటుంది, ముక్కుదూలం కళ్ల కన్నా లేతగా ఉంటుంది. ఇలాంటి తేడాలను వేగంగా కొలిచి ముఖం అవునో కాదో తేలుస్తుంది. తర్వాత ఐదారేళ్లకే చిన్న డిజిటల్ కెమెరాల్లోకి ముఖ గుర్తింపు వచ్చేసింది. కానీ వెనక నుంచి వెలుగు కొడుతుంటే ముఖంలో ఆ తేడాలే పలచబడిపోతాయి. సాయం ఎక్కడ ఎక్కువ కావాలో అక్కడే ఆ పద్ధతి తడబడుతుంది. ఇప్పటి కెమెరాల్లో ఎన్నో ఫొటోలు చూపించి నేర్పిన కంప్యూటర్ మోడళ్లు ఉన్నాయి. అవి చాలా మెరుగు, కాదనను. అయినా కప్పేసిన ముఖాన్ని అవి మాత్రం ఏం చూస్తాయి?

తలంబ్రాలప్పుడు చూడండి. ఇద్దరూ తల తిప్పుతూ, వంగుతూ ఉంటారు. ఒక ఫ్రేమ్‌లో ముఖం దొరుకుతుంది, తర్వాతి ఫ్రేమ్‌లో దొరకదు. వరసగా తీసిన ఫొటోలు ఒక్కొక్కటి ఒక్కో వెలుతురులో వస్తే, కలర్ కరెక్షన్‌కు కూర్చునేవాడికి రాత్రంతా టెన్షనే. మండపంలో లైటు మారదు. ఒకసారి కొలుచుకుని మాన్యువల్‌లో, అంటే కెమెరా తనంతట మార్చకుండా, పెట్టేస్తే సరిపోతుంది.

అనంతపురం_ఫ్రేమ్స్:
మండపంలో సరే, ఒప్పుకుంటాను. ఊరేగింపులో ఏం చేస్తావు? ట్యూబ్‌లైట్ల వెలుగులోంచి చీకట్లోకి, మళ్లీ టపాకాయల వెలుగులోకి నడుస్తూ ఉంటారు. అక్కడ డయల్ తిప్పుతూ కూర్చుంటే ఫొటో పోతుంది.

కడప_పాత_స్టూడియో:
నాయనా, మీరిద్దరూ మాట్లాడేది ఒక్క పని గురించే. కానీ ఈ సెట్టింగ్ మీద జనంలో ఉన్న కోపం వేరే పని గురించి. రెండూ కలిసిపోతున్నాయి కాబట్టి విడదీసి చెబుతాను.

షట్టర్ పడకముందు ముఖాన్ని చూసి ఎంత వెలుతురు తీసుకోవాలో నిర్ణయించడం ఒక పని. షట్టర్ పడ్డాక, ఫైల్‌లో ముఖం ఎక్కడుందో వెతికి ఆ భాగాన్ని వెలిగించడం ఇంకో పని. ఆ వెలిగించే ముసుగులో చర్మాన్ని నునుపు చేసి తెల్లబరచడం పూర్తిగా మూడో పని. మొదటిదానికి నా ఓటు ఎప్పుడూ ఉంటుంది. రెండోది అవసరానికి. మూడోది అడగకుండా చేస్తే అన్యాయం అంటాను.

మొదటిదానికి, రెండోదానికి ఎందుకంత తేడా? కెమెరాలో వెలుతురును పట్టే సెన్సర్ మీద పడని వెలుతురును తర్వాత ఎవరూ పుట్టించలేరు. ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు. ముఖం రెండు స్టాపులు తక్కువగా వచ్చిందంటే దాని మీద పడాల్సిన వెలుతురులో నాలుగోవంతే సెన్సర్‌కు చేరింది. దాన్ని కంప్యూటర్‌లో పైకి లాగితే, చర్మంతో పోలిస్తే గింజ (చుక్కలు చుక్కలుగా కనిపించే గరుకు) కనీసం రెట్టింపు కనిపిస్తుంది. రా ఫైల్ (సెన్సర్ పట్టింది పట్టినట్టు దాచే ఫైల్) అయితే 12, 14 బిట్ల సమాచారం ఉంటుంది, కొంత ఓర్చుకుంటుంది. 8 బిట్ల జేపెగ్‌ను అలా లాగితే బుగ్గ మీద మచ్చలు మచ్చలుగా తేలుతుంది. అందుకే ముఖ గుర్తింపు పనిచేయాల్సింది మీటరులో. తీశాక చేసే మరమ్మతు ఎంత తెలివైనదైనా రెండో మెట్టే. ముఖాన్నిబట్టి కొలవడానికీ ఒక ఖర్చు ఉంది: ముఖానికి సరిపెడితే వెనక ఆకాశం తెల్లగా ఎగిరిపోతుంది. గండికోటలో లోయ అంచున నిలబెట్టి తీసేవాళ్లకు ఇది తెలుసు. ముఖం కావాలా, పెన్నా లోయ కావాలా అంటే రెండూ కావాలనే అంటారు. అప్పుడు కెమెరా చేసేదేమీ లేదు. ముఖం మీదికి వెలుతురు తిప్పే థర్మాకోల్ షీటు పట్టుకునే మనిషో, నీడను నింపే ఫిల్ ఫ్లాషో కావాలి.

ఇక ముఖం ఎంత వెలగాలి? నా దృష్టిలో అసలు తగాదా ఇదే. తెల్లని చర్మం గ్రే కన్నా సుమారు ఒక స్టాప్ పైన ఉంటుంది. చామనఛాయ గ్రే దగ్గర్లో ఉంటుంది. బాగా నల్లని చర్మం ఒక స్టాప్ కింద. ప్రతి ముఖాన్నీ ఒకే మెట్టుకు తేవాలని కెమెరాకు నేర్పితే నల్లని మనిషి పాలిపోతాడు.

ఇది కొత్త జబ్బు కాదు. ఫిల్మ్ రోజుల్లో ఫిల్మ్ కంపెనీ కొడాక్, ఫొటోలు ప్రింట్ చేసే ల్యాబులకు షర్లీ కార్డులు పంపేది. దాని మీద ఒక తెల్లజాతి యువతి ఫొటో. ఆమె చర్మం సరిగ్గా ప్రింటయితే మిషన్ సరిగ్గా ఉన్నట్టు లెక్క. కెనడా పరిశోధకురాలు లోర్నా రోత్ దీని చరిత్ర రాశారు. ముదురు గోధుమ రంగులు సరిగా రావడం లేదని కొడాక్‌కు ఫిర్యాదు చేసినవాళ్లలో చాక్లెట్ కంపెనీలు, చెక్క ఫర్నిచర్ కంపెనీలు ఉన్నాయట. నల్లని మనుషుల ముఖాల కోసం కాక, చెక్క రంగు కోసం ఫిల్మ్ మెరుగుపడింది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాధేస్తుంది.

ప్రొద్దుటూరు_పాఠకురాలు:
నేను ఫొటోగ్రాఫర్‌ను కాదన్నా, ఆల్బమ్‌లో ఉన్న మనిషిని. నా పెళ్లి ఆల్బమ్‌లో నా చేతులు ఒక రంగు, ముఖం ఒక రంగు. ఏ స్టూడియో అన్నది వద్దులెండి. మా అమ్మ చేయి నా బుగ్గ మీద ఉన్న ఫొటో ఒకటుంది. అమ్మదీ నాదీ ఒకే రంగు. ఫొటోలో మాత్రం వేరే ఇంటి పిల్లను దీవిస్తున్నట్టుంది. ముఖాన్ని వెతికి పట్టుకున్న సాఫ్ట్‌వేర్ మెడ దగ్గర ఆగిపోయింది. ఆ పని చేయాలా అని నన్నెవరూ అడగలేదు.

అనంతపురం_ఫ్రేమ్స్:
అక్కా, మీ బాధ అర్థమైంది. మా ఇబ్బంది కూడా వినండి. ప్రూఫులు చూపించినప్పుడు పది ఇళ్లలో తొమ్మిది ఇళ్లు "కొంచెం కలర్ తెప్పించన్నా" అంటాయి. కాదంటే పక్క స్టూడియోకు వెళ్తారు.

ప్రొద్దుటూరు_పాఠకురాలు:
ఎవరంటారన్నా ఆ మాట? డబ్బులిచ్చే మామయ్యో, ఆడపడుచో. పెళ్లికూతుర్ని అడిగారా ఎప్పుడైనా? ఒక్క ఫొటో రెండు రకాలుగా చూపించి, నీకేది కావాలమ్మా అని అడగండి చాలు. కావాలంటే చేయండి, అది ఆమె ఇష్టం.

గుత్తి_మొబైల్:
ఫొటోగ్రాఫర్లు ఒప్పుకోరు గానీ ఫోన్లు ఈ విషయంలో ముందుకెళ్లాయి. వరసగా చాలా ఫ్రేములు తీసి కలిపి, నీడలో ముఖాన్నీ వెనక ఆకాశాన్నీ రెండింటినీ నిలబెడతాయి. రంగు గురించి కూడా, 2021లో పిక్సెల్ 6 ఫోన్‌తో గూగుల్ రియల్ టోన్ అనే ఏర్పాటు తెచ్చింది. ముదురు చర్మాన్ని ఉన్నది ఉన్నట్టు చూపించడమే దాని ఉద్దేశం. 2022లో సామాజిక శాస్త్రవేత్త ఎల్లిస్ మంక్‌తో కలిసి 10 చర్మ ఛాయల కొలమానం కూడా బయటపెట్టింది. కార్డు మీద ఒక్క ముఖం ఉన్న రోజులతో చూస్తే ఎంత దూరం వచ్చాం!

కర్నూలు_మాన్యువల్:
తమ్ముడూ, గూగూడు కుళ్లాయిస్వామి దగ్గర అగ్నిగుండం ముందు నిలబడి ఫోన్‌తో తీసి చూడు. మనుషుల ముఖాల మీద నిప్పుల ఎరుపు తప్ప ఇంకో వెలుతురు ఉండదు. ఫోన్ ఆ ముఖాలను పట్టుకుని పగటిపూట తీసినట్టు సర్దుతుంది. ముఖం స్పష్టంగా ఉంటుంది, మొహర్రం రాత్రి మాయమవుతుంది. చీకటి కూడా ఆ ఫొటోలో భాగమే. ఎక్కడ ముఖం ఉంటే అక్కడ వెలుతురు ఉండి తీరాలన్న నియమాన్ని నేను ఒప్పుకోను.

కడప_పాత_స్టూడియో:
అది నిజం. అలాంటి చోట ఆపెయ్యాల్సిందే. ఒంటిమిట్టలో రాములవారి కల్యాణం రాత్రిపూట పండు వెన్నెల్లో జరుగుతుంది. అక్కడ కూడా నేను సెట్టింగ్ ఆపి, ఎక్స్‌పోజర్ తగ్గించే తీస్తాను.

అనంతపురం_ఫ్రేమ్స్:
పెద్దాయనా, ఒకటి మిగిలింది. పెళ్లికూతురు తెలుపు, పెళ్లికొడుకు నలుపు, లేదా అటుది ఇటు. కెమెరా రెండు ముఖాలూ పట్టుకుంటుంది. ఎవరికి సరిపెట్టాలి?

కడప_పాత_స్టూడియో:
ముఖ గుర్తింపు సగటు తీస్తే, ఇద్దరికీ సగం సగం అన్యాయం చేస్తుంది. కెమెరాలో దీనికి మందు లేదు, నిలబెట్టడంలో ఉంది. నల్లగా ఉన్నవారిని కిటికీ వైపు, లైటు వైపు నిలబెట్టు. తెల్లగా ఉన్నవారు ఒక అడుగు అవతల. వెలుతురు దూరాన్నిబట్టి తగ్గుతుంది కాబట్టి తేడా చాలావరకు అక్కడే సర్దుకుంటుంది, ఇద్దరి రంగూ వాళ్లదిగానే ఉంటుంది. కొలవడానికి అరచేయి చూడు. మనిషి ఏ రంగైనా అరచేతుల్లో తేడా తక్కువ, గ్రే కన్నా దాదాపు ఒక స్టాప్ పైన ఉంటుంది. వాళ్లున్న లైటులోనే స్పాట్ మీటర్‌తో (చిన్న చోటును మాత్రమే కొలిచే మీటరు) అరచేయి కొలిచి ఒక స్టాప్ పెంచుకో.

కర్నూలు_మాన్యువల్:
అదే నేనంటున్న మాన్యువల్, పెద్దాయనా. గోరింటాకు ఉన్న చేయి మాత్రం కొలవొద్దు, లెక్క తప్పుతుంది. పెళ్లికూతురి పక్కనున్న చెల్లెలి చేయి కూడా పనికిరాదు, ఆమెకూ గోరింటాకు ఉంటుంది. నేనైతే అదే లైటులో నా చేయే పెట్టి కొలుస్తాను. ఊరేగింపుకు మాత్రం అన్న చెప్పినట్టు ఆన్ చేసి చూస్తాను, కానీ ఫైల్ రాలోనే తీస్తాను.