మేకర్‌స్పేస్‌కు మార్కులు పెట్టాలా, విద్యార్థుల ఇష్టానికి వదిలేయాలా?

ప్రశ్న: మెకానికల్ అధ్యాపకుడు, అనంతపురం
మా ఇంజనీరింగ్ కాలేజీలో పాత డ్రాయింగ్ హాలు ఖాళీ చేయించి త్రీడీ ప్రింటర్లు, లేజర్ కటింగ్ యంత్రం, సోల్డరింగ్ బల్లలు పెట్టించి, విద్యార్థులు తమ చేతులతో వస్తువులు చేసుకునే మేకర్‌స్పేస్‌గా మార్చాము. ప్రారంభోత్సవపు సందడి అయ్యాక గదికి తాళం తీసే రోజులే తక్కువ. యంత్రం పాడైతే తమ మెడకు చుట్టుకుంటుందని సిబ్బంది భయం. మార్కులు రాని పని ఎందుకని విద్యార్థుల లెక్క. దీనిని సిలబస్‌లో చేర్చడం మేలా? అనుభవమున్నవారు తెలుపగలరు.

జవాబు: ల్యాబ్ బాధ్యుడు, కర్నూలు
మార్కులకూ, విద్యార్థుల ఇష్టానికీ పొత్తు కుదరదని అనుకోనక్కరలేదు సార్. 1998లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ నీల్ గెర్షెన్‌ఫెల్డ్ ఇలాంటి కోర్సు ప్రారంభించినప్పుడు, పదిమందికి చోటున్న తరగతికి వందమంది దాకా వచ్చారు. వారిలో చాలామంది పరిశోధన కోసం కాక, తమకు కావలసిన వస్తువును తామే చేసుకోవాలని వచ్చినవారు. కాబట్టి క్రెడిట్లు ఇవ్వండి, కానీ ఏం చేయాలో మీరు నిర్ణయించకండి. పూర్తయిన వస్తువుకన్నా రోజువారీ నోట్‌బుక్కుకు, చెడిపోయిన ముక్కలకు ఎక్కువ మార్కులు పెడితే బజారులో కొన్న ప్రాజెక్టులు వాటంతటవే తగ్గుతాయి (ఆ వ్యాపారం సంగతి మనకు తెలియనిది కాదు).

సిబ్బంది భయానికి మందు తాళం కాదు, శిక్షణ. ఉదాహరణకు లేజర్ కింద అక్రిలిక్ పెట్టవచ్చు గాని పీవీసీ షీటు పెట్టరాదు. అది కాలితే వెలువడే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు ఊపిరితిత్తులకు హాని చేయడమే కాక యంత్రంలోని లోహపు భాగాలను తుప్పు పట్టిస్తుంది. ఇలాంటివి నేర్చుకుని పరీక్ష నెగ్గినవారికే యంత్రం అప్పగించి, సీనియర్ విద్యార్థులను వంతులవారీగా బాధ్యులుగా ఉంచవచ్చు.

జవాబు: ఫైనల్ ఇయర్ విద్యార్థిని, కడప
సార్, నమస్కారం. గదిలో పుట్టిన ఆలోచన గదిలోనే ఆగిపోవడం నేను చూశాను. మా సీనియర్లు చీనీ (బత్తాయి) తోటలో డ్రిప్పు నీటిని నియంత్రించే పరికరం చేశారు. తేమను కొలిచే చౌక సెన్సర్‌లో నిరంతరం కరెంటు పారడంవల్ల దాని కడ్డీలు తడి మట్టిలో తుప్పు పట్టి, రీడింగులు తప్పసాగాయి. లోహం మట్టికి తగలకుండా తేమను కొలిచే కెపాసిటివ్ సెన్సర్ పెట్టాక గాని కుదరలేదు. పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్‌తో త్రీడీ ప్రింట్ చేసిన పెట్టె మన ఎండకు వంగిపోయింది, ఎందుకంటే అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. బల్లమీద రెండూ చక్కగా పనిచేసినవే. అందువల్ల తరగతి మొదలయ్యేముందే ఒక రైతునో, మెకానిక్కునో పిలిపించి వారి ఇబ్బందిని వినిపించండి.

జవాబు: కర్నూలు నుంచి మళ్లీ
అమ్మాయి చెప్పినది నిజం. ఇంకొక మాట: కొత్తదనమున్న పరికరాన్ని ప్రదర్శనకు పెట్టేముందే ప్రొవిజనల్ (తాత్కాలిక) పేటెంట్ దరఖాస్తు వేయించండి, పూర్తి వివరాలు సమర్పించడానికి 12 నెలల గడువుంటుంది.

ప్రశ్న అడిగినవారు
ధన్యవాదాలు. సీనియర్ల వంతుల పద్ధతి నచ్చింది. అయితే మా పిల్లల్లో ఎక్కువమంది సాయంత్రం కాలేజీ బస్సులకు ధర్మవరం, గుత్తి వైపు వెళ్లిపోతారు. సాయంత్రాలు తెరిస్తే అది హాస్టల్ వారికే పరిమితమవుతుంది. కాబట్టి వారానికొక మధ్యాహ్నం టైంటేబుల్‌లోనే కేటాయించమని ప్రిన్సిపాల్ గారిని అడుగుతాను.