అవుట్‌రన్ క్యాసెట్ సగంలో ఆగిపోతోంది, ఏం చేయాలి?

మాది విజయనగరం. గల్ఫ్ నుంచి మావయ్య తెచ్చిన 48కె స్పెక్ట్రమ్ (టీవీకి తగిలించి, టేప్ రికార్డర్ నుంచి ఆటలు ఎక్కించుకునే పాత హోమ్ కంప్యూటర్) అటక మీద దొరికింది, అవుట్‌రన్ అనే కారు రేసు ఆట క్యాసెట్‌తో సహా. 1986లో సెగా కంపెనీ ఆర్కేడ్ మెషీన్‌లో (నాణెం వేసి ఆడేది) రెండు 68000 ప్రాసెసర్లతో దూసుకెళ్ళిన ఆటని స్పెక్ట్రమ్‌లో ఉన్న ఒక్క 3.5 మెగాహెర్ట్జ్ జెడ్80 ప్రాసెసర్ మీదికి దింపారు. నత్తనడకే అంటారు, అయినా చూడాలని ఆశ.

లోడ్ అవుతున్నప్పుడు టీవీలో రంగు గీతలు బాగానే వస్తాయి, సగంలో ‘టేప్ లోడింగ్ ఎర్రర్’. రికార్డర్ బెల్ట్ మార్చాను, హెడ్ (టేపుని చదివే భాగం) స్పిరిట్‌తో తుడిచాను. హెడ్ పక్కనున్న చిన్న స్క్రూ తిప్పి చూడాలా? ఉన్నది కూడా పోతుందేమోనని టెన్షన్. లేదంటే క్యాసెట్‌ని వేరే డెక్‌లో వేవ్ ఫైలుగా ఎక్కించి, ఫోన్ నుంచి స్పెక్ట్రమ్ ఇయర్ సాకెట్‌కి (టేప్ సౌండ్ లోపలికి వెళ్ళే చోటు) ఇవ్వొచ్చా? ఫోన్ సౌండ్ సరిపోతుందా? శ్రీకాకుళం వైపైనా సరే, పాత టేప్ రికార్డర్లు బాగుచేసేవాళ్ళుంటే చెప్పండి, వచ్చేస్తాను.