మూడు, నాలుగు తరగతుల పిల్లలకు చరిత్ర ఎలా చెబుతున్నారు?

ఓరుగల్లు టీచర్:
అందరికీ నమస్కారం. హనుమకొండ దగ్గర ప్రాథమిక పాఠశాలలో నాలుగో తరగతికి చెబుతాను. ఐదో తరగతి దాకా సాంఘికశాస్త్రం విడిగా లేదు కాబట్టి చరిత్ర పరిసరాల విజ్ఞానంలోనే కలిసి వస్తుంది. కాకతీయుల పాఠం వచ్చినప్పుడల్లా ఒకటే ఇబ్బంది. వేయిస్తంభాల గుడి మా పిల్లలు ఊహ తెలిసినప్పటి నుంచి చూస్తున్నదే. అయినా 1163లో కట్టారు అంటే వాళ్లకు ఏమీ పట్టదు. "టీచర్, అప్పటికి మా తాత ఉన్నాడా?" అంటారు. ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలకు వందల ఏళ్లంటే ఎంతో ఎలా అర్థం చేయిస్తున్నారు? మీరు క్లాసులో చేసి చూసినవి చెప్పండి.

దివిసీమ మాస్టారు:
మేడమ్, ఆ ప్రశ్న దగ్గరే మొదలుపెట్టండి. తాత ఉన్నాడా, లేడా అన్నదే ఆ వయసులో కాలానికి కొలత.

నేను రాజుల దగ్గరికి వెళ్లేముందు 1977 నవంబరు 19 ఉప్పెన గురించి చెబుతాను. నాగాయలంక, కోడూరు వైపు ఏ ఊరికి వెళ్లినా దాన్ని కళ్లారా చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. పిల్లలు ఇంటికెళ్లి మూడే ప్రశ్నలు అడగాలి. అప్పుడు మీ వయసెంత? ఎక్కడ తలదాచుకున్నారు? తెల్లారాక మొదట ఏం చూశారు? జవాబులు నోటుబుక్కులో రాసుకొస్తారు. అసలు పాఠం మర్నాడు. నీళ్లు సాయంత్రమే వచ్చాయని ఒకరి నాయనమ్మ, బాగా చీకటి పడ్డాక వచ్చాయని ఇంకొకరి తాత. ఎవరిది నిజం? వాళ్ల ఇళ్లు ఎక్కడున్నాయి, సముద్రానికి ఎవరి ఇల్లు దగ్గర, ఇంకెవరిని అడగాలి అని పిల్లలే వాదించుకుంటారు. చరిత్రకారులు చేసేదీ ఇదే కదా!

ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. ఆ ఉప్పెనలో పిల్లల్ని పోగొట్టుకున్న పెద్దవాళ్లు ఉన్నారు. అలాంటి ఇళ్లకు ముందు నేనే వెళ్లి, చెప్పడం ఇష్టమేనా అని అడుగుతాను. వద్దంటే ఆ పిల్లలు వేరే ఇంట్లో అడుగుతారు.

తాడు టీచర్:
వందల ఏళ్లకు నేను తాడు వాడతాను. పదేళ్లకు ఒక జాన. ఈ ఏడాది దగ్గర ముడి వేసి అక్కడి నుంచి వెనక్కి కొలుస్తాం. పిల్లలు పుట్టిన ఏడాది మొదటి జానలోనే వస్తుంది. దివిసీమ ఉప్పెన ఐదో జాన దగ్గర, స్వాతంత్ర్యం ఎనిమిదో జాన దగ్గర. అక్కడిదాకా తాతలు, ముత్తాతలు ఉంటారు. ఇక వేయిస్తంభాల గుడికి ఎనభై ఆరు జానలు కావాలి. తాడు గది దాటి వరండాలోకి పోతుంది, అది చూసి పిల్లలు నోరు తెరుస్తారు. 1591 నాటి చార్మినార్‌కు చీటీ కడితే సరిగ్గా సగం దారిలో పడుతుంది. రెండూ "పాతకాలం" అని ఒకే మూటలో కట్టేసిన పిల్లలకు ఆ దూరం కళ్లముందు కనిపిస్తుంది. జాన అందరికీ ఒకటి కాదు కాబట్టి ఒకే పిల్ల చేత కొలిపించండి.

రిటైర్డ్ హెచ్.ఎం.:
ఇవన్నీ బాగున్నాయి. కానీ వరస కూడా కంఠతా రావాలమ్మా. శాతవాహనులు, ఇక్ష్వాకులు, విష్ణుకుండినులు, తూర్పు చాళుక్యులు, కాకతీయులు... ఇది చిన్నప్పుడు నోటికి రాకపోతే హైస్కూలులో అన్నీ కలగాపులగం అవుతాయి. పాటలా పాడిస్తే పిల్లలు భారం అనుకోరు.

తాడు టీచర్:
వరస కావాలన్నది నేనూ ఒప్పుకుంటాను సార్. సంవత్సరాలు మాత్రం ఐదో తరగతి లోపు పరీక్షలో అడగకూడదు. ముందు ఎవరు, తర్వాత ఎవరు అన్నది చాలు. మేము బొమ్మల చీటీలు కలిపేసి వరసలో పెట్టమంటాం.

లెస్టర్ అమ్మ:
మా బాబు ఇంగ్లండ్‌లో ప్రైమరీలో చదువుతున్నాడు. ఇక్కడ ఐదు, ఆరేళ్ల పిల్లలకు బతికున్నవాళ్లకు గుర్తున్న మార్పులతోనే చరిత్ర మొదలవుతుంది. దివిసీమ మాస్టారు గారు చెప్పింది చదువుతుంటే అదే గుర్తొచ్చింది. తర్వాత చాలా బడుల్లో 1666 లండన్ అగ్నిప్రమాదం చెబుతారు. రొట్టెల దుకాణంలో నిప్పు ఎలా అంటుకుంది, చెక్క ఇళ్లు పక్కపక్కనే ఉంటే ఏమైంది అని. శామ్యూల్ పెపిస్ అనే ఆయన మంటలకు భయపడి తన జున్నును (చీజ్) గుంత తీసి పాతిపెట్టి, ఆ సంగతి డైరీలో రాసుకున్నాడు. మావాడికి రాజు పేరు గుర్తులేదు, జున్ను గుర్తుంది. దాంతోపాటు, ఆయన రాసిపెట్టాడు కాబట్టే మనకు తెలిసిందన్న సంగతీ గుర్తుంది.

శాసనాల పిచ్చి:
మనకు డైరీల బదులు రాళ్లున్నాయండీ! రుద్రమదేవి కథ చెప్పినప్పుడు నల్గొండ జిల్లా చందుపట్ల శాసనం ఫొటో చూపించండి. ఆమె మరణం గురించి తెలిపే 1289 నాటి రాయి అది. యుద్ధంలో ఆమె ఎలా పోరాడిందో మనం ఆవేశంగా చెప్పేస్తాం. అందులో రాయి చెప్పిందెంత, తర్వాతివాళ్లు ఊహించిందెంత? బోర్డు మీద గీత గీసి ఒకవైపు "రాసి ఉంది", రెండోవైపు "అనుకుంటున్నాం" అని రాయించండి. నాలుగో తరగతి పిల్లలు ఇది చక్కగా చేస్తారు. రాణి గొప్పతనం ఏమీ తగ్గదు.

శాసనం నకలు ఎలా తీస్తారో చూపడానికి రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దించండి, అక్షరాలు పైకి తేలతాయి. గుడికి తీసుకెళ్లినప్పుడు మాత్రం అసలు రాయి మీద సుద్ద, పిండి రుద్దనివ్వకండి, రాయి పాడవుతుంది.

ఓరుగల్లు టీచర్:
తాడు రేపే తెస్తాను. మా దగ్గర ఉప్పెన లేదు కానీ చెరువుంది. పెద్దవాళ్ల దగ్గర చెరువు కబుర్లు అడిగించి, అక్కడి నుంచి కాకతీయుల చెరువులకు వెళ్తాను. ఈ ఏడాది రామప్పకు తీసుకెళ్లాలని కూడా ఉంది. అక్కడ పిల్లలకు ఏం చూపిస్తే బాగుంటుంది?

ములుగు సార్:
అన్నీ చూపించాలని పెట్టుకోకండి మేడమ్, పిల్లలు అలసిపోతారు. 1213 నాటి శాసనం దగ్గర ఆగండి. గుడి కట్టించిన రేచర్ల రుద్రుడి గురించి, 2021లో వచ్చిన యునెస్కో గుర్తింపు గురించి అక్కడే చెప్పవచ్చు. శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారని చెప్పి, బరువు ఎందుకు తగ్గించి ఉంటారని అడగండి. తర్వాత చెరువు కట్ట మీదికి నడిపించండి. జేసీబీ లేకుండా ఇంత మట్టి ఎవరు మోశారు, వాళ్లకు అన్నం ఎవరు పెట్టారు అని మా పిల్లలు అడిగారు. ఆ ప్రశ్నలు రాసుకోవడానికి ఒక్కొక్కరికీ కాగితం, పెన్సిల్ తప్పకుండా ఇవ్వండి. ఎండ ముదరకముందే చేరుకునేలా పొద్దున్నే బయల్దేరండి.