16 కోర్ల చిప్‌కు రింగ్ చాలదా? మెష్ తప్పదా?

సిలికాన్_78: మా టీములో రెండు వారాలుగా ఇదే గొడవ. కోర్లను (చిప్‌లో లెక్కలు చేసే భాగాలను), క్యాష్‌ను (చిప్‌లోనే ఉండే వేగమైన మెమరీని) కలిపే దారి రింగ్‌గా ఉండాలా, గళ్లుగళ్లుగా మెష్‌లా ఉండాలా అని. నేను మెష్ వైపు. రెండు వైపులా వెళ్లగల 16 కోర్ల రింగ్‌లో సగటున 4 హాప్‌లు (ఒక స్టాప్ నుంచి పక్క స్టాప్‌కు గెంతులు), 4×4 మెష్‌లో రెండున్నరే. ఇంకా ఆలోచించడం దేనికి?

గోదారోడు: హాప్‌లు లెక్కపెడితే సరిపోదండీ, ఒక్కో హాప్‌కు ఎంతసేపు పడుతుందో చూడాలి. రింగ్‌లో ఒకసారి ఎక్కిన ప్యాకెట్‌దే (డేటా మూటదే) దారి. కొత్తగా ఎక్కేదే ఖాళీ కోసం ఆగుతుంది. అందుకే ఒక్కో స్టాప్‌ను ఒక్క క్లాక్‌లో (చిప్ గడియారం ఒక్క టిక్‌లో) దాటించవచ్చు. మెష్‌లో ప్రతి కూడలిలో ఉండే రూటర్‌కు అయిదు పోర్టులు, వాటికి బఫర్లు (ప్యాకెట్లు కాసేపు ఆగే చోట్లు). ఎటు పంపాలో చూడాలి, రెండు ప్యాకెట్లు ఒకే పోర్టు అడిగితే దేన్ని ముందు వదలాలో తేల్చాలి. రూటర్‌కు 3 క్లాకులు పడితే మీ రెండున్నర హాప్‌లు ఏడున్నర క్లాకులు. రింగ్‌కు నాలుగే! పవర్ కూడా చూడండి. 2007లో ఇంటెల్ చూపించిన 80 కోర్ల ప్రయోగాత్మక చిప్‌లో ఒక్కో టైల్ (కోరు, దాని రూటర్ కలిసిన గడి) పవర్‌లో 28 శాతం కమ్యూనికేషన్‌కే పోయింది.

డీవీ_ఇంజినీర్: గోదారోడు గారూ, మీ లెక్క దారి ఖాళీగా ఉన్నప్పటిది. రింగ్‌ను మధ్యకు కోస్తే తెగేది రెండు చోట్లే, అంటే ఒక సగం నుంచి ఇంకో సగానికి రెండే లింకులు, కోర్లు 8 ఉన్నా 64 ఉన్నా. 4×4 మెష్‌లో నాలుగు చోట్ల తెగుతుంది. రద్దీ పెరిగితే తేడా అక్కడే తెలుస్తుంది. 2014 నాటి 18 కోర్ల జియాన్ సర్వర్ చిప్‌లో ఇంటెల్ 8 కోర్లను ఒక రింగ్‌లో, 10 కోర్లను ఇంకో రింగ్‌లో పెట్టి మధ్యలో బఫర్ స్విచ్‌లతో కలిపింది. 2017లో 28 కోర్లకు వచ్చేసరికి మెష్‌కు మారింది. అయితే అదే ఏడాది వచ్చిన మెష్ డెస్క్‌టాప్ చిప్‌లు కొన్ని గేముల్లో రింగ్ ఉన్న చిప్‌ల కంటే వెనకబడ్డాయి. క్యాష్ అమరిక మారడం కూడా అందుకు ఒక కారణం అనుకోండి. ఇంతకీ మీ ట్రాఫిక్ ఎటు పోతుంది?

సిలికాన్_78: చాలావరకు బయటి మెమరీకి దారి అయిన రెండు మెమరీ కంట్రోలర్లకే.

గోదారోడు: ఇంకేం, మధ్యలో ఎన్ని లింకులున్నా క్యూ కట్టేది ఆ రెండు గుమ్మాల దగ్గరే కదా. ఆ మెష్ ఖర్చంతా వృథా. నా ఓటు రింగ్‌కే.

సిలికాన్_78: ఈ చిప్‌కు ఒప్పుకుంటాను. కానీ తర్వాతి చిప్ 32 కోర్లది. అప్పుడు రింగ్‌లో సగటున 8 హాప్‌లు.

డీవీ_ఇంజినీర్: 4×8 మెష్‌లో దాదాపు 4, అంటే గోదారోడు గారి రూటర్‌తో 12 క్లాకులు. ఖాళీ దారిలో అప్పటికీ రింగే ముందు. కానీ 32 కోర్లు ఒకదాని క్యాష్‌లోంచి ఇంకొకటి డేటా లాగడం మొదలుపెడితే రింగ్ మధ్యలోని ఆ రెండు లింకులూ నిండిపోతాయి. అసలు అప్లికేషన్ ట్రేస్ (అది నడిచేటప్పుడు డేటా ఎటు పోయిందో చెప్పే రికార్డు) తీసుకుని రెండింటి మీదా నడపండి. సగటు లేటెన్సీ (ప్యాకెట్ చేరడానికి పట్టే సమయం) ఒక్కటే చూడకండి, అన్నిటికంటే ఆలస్యంగా చేరిన ప్యాకెట్లనూ చూడండి.