అప్‌డేట్: గంటకు 86 సెకన్లు ముందుకు పోతున్న గడియారం, కారణం దొరికింది

విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో చేపల ఐసు పెట్టెల ఉష్ణోగ్రతను నమోదు చేసేందుకు నేను తయారుచేసిన పరికరంలో, ఫ్రీఆర్‌టాస్ (చిన్న పరికరాలను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్) లెక్కించే సమయం గంటకు సుమారు 86 సెకన్లు ముందుకు ఎందుకు పోతోందని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. గడియారానికి లయనిచ్చే స్ఫటికం, అంటే క్రిస్టల్, చెడిందన్న నా అనుమానం తప్పు. రెండు క్రిస్టళ్లు మార్చి చూశాక గాని ఆ సంగతి ఒప్పుకోలేదు.

టైమరుకు అందే గడియారం 32,768 హెర్ట్జ్, అంటే సెకనుకు అన్ని లెక్కలు. ఫ్రీఆర్‌టాస్ సమయాన్ని కొలిచే ప్రమాణమైన టిక్కుల రేటును సెకనుకు 1000గా పెట్టినందున ఒక్కో టిక్కుకు 32.768 లెక్కలు రావలసి ఉండగా, పూర్ణాంక భాగహారం దశాంశాన్ని వదిలేసి 32ను మాత్రమే మిగిల్చింది. అందువల్ల మిల్లీసెకను అనుకున్నది నిజానికి 0.9766 మిల్లీసెకన్లకే ముగిసి, గడియారం 2.4 శాతం వేగంగా నడిచింది. అంటే గంటకు 86.4 సెకన్లు.

రేటును 1024కు మార్చగానే భాగహారం శేషం లేకుండా కుదిరింది. అయితే టిక్కులను మిల్లీసెకన్లుగా మార్చేటప్పుడు 1000తో గుణించడం 32 బిట్లలోనే జరిగినందున, దాదాపు 70 నిమిషాలకు విలువ పరిమితి దాటి మళ్లీ సున్నా దగ్గర మొదలైంది. ఇది పూర్తిగా నా స్వయంకృతం. 64 బిట్లలో గుణించాక ఆ బాధ తీరింది.

ఇప్పుడు మిగిలినది రోజుకు సెకనులోపు ఆలస్యం. ఈ రకం క్రిస్టల్ 25 డిగ్రీల నుంచి ఏ వైపు జరిగినా నెమ్మదిస్తుంది. ఎండకు కాగిన పరికరం పెట్టెలో 45 డిగ్రీలుంటే ఆ తేడా సుమారు 14 పీపీఎం, అంటే పది లక్షల సెకన్లకు 14 సెకన్లు. రోజుకొకసారి జీపీఎస్ సమయంతో సరిచేస్తున్నాను.