సైక్లోహెక్సనాల్ నుంచి అడిపిక్ ఆమ్లం: బ్లీచ్ ఒక్కటే సరిపోతుందా?

ప్రశ్న (ఎం.ఎస్సీ. విద్యార్థిని):
నమస్కారమండి. నైట్రిక్ ఆమ్లంతో వచ్చే గోధుమరంగు పొగల బెడద లేకుండా, సోడియం హైపోక్లోరైట్‌తో (అంటే బ్లీచ్‌తో) సైక్లోహెక్సనాల్ అనే ఆల్కహాలును, నైలాన్ తయారీలో వాడే అడిపిక్ ఆమ్లంగా మార్చాలని ప్రయత్నించాను. 2 గ్రాముల ఆల్కహాలును ఎసిటిక్ ఆమ్లంలో కరిగించి, బ్లీచ్‌ను చుక్కలు చుక్కలుగా వేశాను. స్ఫటికాలు రాలేదు, పుదీనాను తలపించే వాసన గల నూనె మిగిలింది. ఎక్కడ పొరబడ్డాను?

జవాబు 1 (విశ్రాంత అధ్యాపకుడు):
నీవు పొరబడలేదమ్మా, చర్య సగంలో ఆగింది. ఆ నూనె సైక్లోహెక్సనోన్ అనే కీటోన్. ఎసిటిక్ ఆమ్ల మాధ్యమంలో హైపోక్లోరైట్ ద్వితీయ ఆల్కహాలును కీటోన్ దాకా చక్కగా తీసుకువెళుతుంది గాని, ఆరు కార్బన్ల వలయాన్ని తెంచదు; అది తెగితేనే అడిపిక్ ఆమ్లం వస్తుంది. క్షార మాధ్యమంలోనైతే కార్బొనైల్ పక్కనున్న కార్బన్ల మీద క్లోరిన్ చేరి వ్యవహారం చిక్కుబడుతుంది. వలయం తెగాలంటే కొద్దిపాటి రుథీనియం ట్రైక్లోరైడ్ కావాలి. బ్లీచ్ దానిని రుథీనియం టెట్రాక్సైడ్‌గా మారుస్తుంది, అసలు ఆక్సీకరణి అదే. అది ఖర్చయిన కొద్దీ బ్లీచ్ మళ్ళీ పుట్టిస్తూ ఉంటుంది.

లెక్క కూడా చూసుకో. ఒక మోల్ కీటోన్‌కు 3, ఒక మోల్ ఆల్కహాలుకు 4 మోల్‌ల హైపోక్లోరైట్ కావాలి. నీ 2 గ్రాములు 0.02 మోల్ గనుక, 5 శాతం ద్రావణమైతే కనీసం 120 మిల్లీలీటర్లు పడుతుంది.

జవాబు 2 (పరిశ్రమలో రసాయనశాస్త్రవేత్త):
మాస్టారి లెక్క సీసా మీది అంకెను నమ్మితేనే సరిపోతుంది. మన ఎండలకు హైపోక్లోరైట్ బలం త్వరగా తగ్గిపోతుంది కనుక, పొటాషియం అయొడైడ్, థయోసల్ఫేట్‌లతో అంశమాపనం (టైట్రేషన్) చేసి అసలు బలం తేల్చుకోకుండా మొదలుపెట్టకండి. ఆఖరున ఆమ్లీకరించే ముందు మిగిలిన బ్లీచ్‌ను సోడియం బైసల్ఫైట్‌తో పూర్తిగా నాశనం చేయండి. లేకపోతే హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోయగానే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. రుథీనియం టెట్రాక్సైడ్ కూడా ఆవిరయ్యే విషపదార్థమే, కాబట్టి పని అంతా ఫ్యూమ్ హుడ్‌లోనే జరగాలి. నన్నడిగితే, తరగతి ప్రయోగానికి క్షార పర్మాంగనేటే మేలు: మాంగనీస్ డయాక్సైడ్ బురదను వడకట్టడం విసుగే గాని, రుథీనియం ఖర్చు తప్పుతుంది.

జవాబు 3 (విద్యార్థిని):
ధన్యవాదాలండి. కీటోన్‌ను వేరుచేసి పర్మాంగనేట్‌తో చేస్తాను. ఒక కార్బన్ తక్కువగా ఉండే గ్లూటారిక్ ఆమ్లం కలిసి వస్తే ఎలా గుర్తించాలి?

జవాబు 4 (విశ్రాంత అధ్యాపకుడు):
వేడినీటిలో కరిగించి చల్లార్చు. అడిపిక్ ఆమ్లం చల్లనీటిలో అంతగా కరగదు, గ్లూటారిక్ బాగా కరిగి నీటిలోనే ఉండిపోతుంది. ఎండిన స్ఫటికాలు 152 డిగ్రీల దగ్గర కరగాలి. అంతకు చాలా ముందే మెత్తబడితే మరోసారి స్ఫటికీకరించు.