జింక్ సల్ఫేట్‌లో మెగ్నీషియం కలిసిందేమో ఇంట్లో తేల్చుకోవచ్చా?

తెనాలి కుర్రోడు:
మాది తెనాలి దగ్గర, వరి. పోయినేడు నాట్లేశాక ఆకులకు తుప్పు మచ్చలొచ్చాయి, ఆకు మడిస్తే ఫట్‌మని విరిగేది. జింకు లోపమన్నారు మా వ్యవసాయాధికారి, ఏఓ గారు. అందుకని ఈసారి ఆఖరి దమ్ములోనే ఎకరాకు 20 కిలోలు వేద్దామని నాన్న జింక్ సల్ఫేట్ తెచ్చారు. ధర చూస్తే మరీ చవక. మెగ్నీషియం సల్ఫేట్ కూడా చూడ్డానికి ఇలాగే ఉంటుందిగా! ఏదో పోస్తే గంజిలా వస్తుందని బాబాయి అంటాడు, ఏం పోయాలో మాత్రం చెప్పడు.

మొగల్రాజపురం మాష్టారు:
కాస్టిక్ సోడా, నాయనా. ఇంటర్ పిల్లలతో ఏటా చేయించే పరీక్షే ఇది. పావు గ్లాసు నీళ్లలో చిటికెడు మందు కరిగించు. బోరు నీళ్లు వద్దు, వాటిలోనే మెగ్నీషియం ఉంటుంది. బ్యాటరీలో పోసే నీళ్లు తెచ్చుకో. పలచటి కాస్టిక్ చుక్కలు వేస్తే తెల్లటి గంజి దిగుతుంది, అది జింక్ హైడ్రాక్సైడ్. అక్కడితో సంబరపడకు, మెగ్నీషియమూ తెల్లగానే దిగుతుంది. ఇప్పుడు చిక్కటి కాస్టిక్ పోస్తూ కలుపు. జింక్ హైడ్రాక్సైడ్ ఆమ్లంలోనూ క్షారంలోనూ కరిగే రకం. సోడియం జింకేట్‌గా మారి నీళ్లు తేటపడతాయి. మెగ్నీషియందైతే ఎంత పోసినా కరగదు.

గాజు గ్లాసే వాడు. సత్తు గిన్నెను కాస్టిక్ తినేస్తుంది, హైడ్రోజన్ పొంగుతుంది. చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి.

లాం రోడ్డు ఎరువుల కొట్టు:
మేం డీఏపీ, అదే భాస్వరం ఎరువు, నీళ్లు కలిపి చూస్తాం సార్. జింకైతే గడ్డలు కడుతుంది.

మొగల్రాజపురం మాష్టారు:
నాకు దానిమీద అంత నమ్మకం లేదండీ. చిక్కటి ద్రావణాల్లో మెగ్నీషియం అమ్మోనియం ఫాస్ఫేట్ కూడా తెల్లగా దిగొచ్చు. ఇంకోటి, పటిక కలిపితే నా పరీక్షా మోసపోతుంది, పటికలోని అల్యూమినియమూ కాస్టిక్‌లో కరుగుతుంది కాబట్టి. అప్పుడు కాస్టిక్ బదులు అమ్మోనియా ఎక్కువగా పోయాలి. జింకు కరుగుతుంది, అల్యూమినియం మిగులుతుంది.

లాం రోడ్డు ఎరువుల కొట్టు:
ఒప్పుకుంటా సార్. తమ్ముడూ, ఆ గడ్డలు జింక్ ఫాస్ఫేట్, నీళ్లలో కరగదు. అందుకే డీఏపీతో కలిపి చల్లొద్దు. రెంటికీ మధ్య మూడు రోజులైనా ఎడం ఉంచు.

తెనాలి కుర్రోడు:
చేశాను మాష్టారూ. చాలావరకు కరిగింది కానీ అడుగున తెల్లగా మిగిలింది. ఎంత కలిపారో తెలుస్తుందా?

మొగల్రాజపురం మాష్టారు:
దీంతో తెలియదు. ముందు ఉత్త బ్యాటరీ నీళ్లలో అంతే కాస్టిక్ పోసి చూడు. అవి తేటగా ఉంటే అనుమానం మందు మీదే. విప్పని బస్తా ఒకటుంచి, బిల్లు తీసుకుని ఏఓ గారి దగ్గరికి వెళ్లు. శాంపిల్ ఆయన చేతే తీయించు.